ఒక్కరోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచా?

డిసెంబర్ చివరి వారం వచ్చిందంటే ఈ ఫార్వర్డ్ మెసేజ్ రాక తప్పదు. ఈసారి నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. ఒకటి మా ఇంట్లోవాళ్ల గ్రూపే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"ఏ పనైనా 21 రోజులు వరుసగా చేస్తే అలవాటైపోతుందని సైన్స్ తేల్చింది. మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. లక్ష్యాన్ని కాగితం మీద రాయండి, అలా రాసుకున్న 3 శాతం మందే బాగుపడ్డారని యేల్ యూనివర్సిటీ 1953లో నిరూపించింది. పదిమందికీ చెప్పండి, సిగ్గుకైనా చేస్తారు. కొత్త సంవత్సరం తీర్మానాల్లో 92 శాతం ఫెయిలవుతాయి, కారణం సంకల్పబలం లేకపోవడమే."

కింద ఉదయించే సూర్యుడి బొమ్మ. నేనూ ఒకప్పుడు దీన్ని పదిమందికి పంపినవాడినే కాబట్టి పంపినవాళ్లను ఏమీ అనను. మెసేజ్‌ని మాత్రం అంటాను.

ముందు ఆ 21 సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కనిపించే కొత్త ముఖానికి అలవాటు పడటానికి, చెయ్యో కాలో తీసేయించుకున్నవాళ్లకు అది ఇంకా ఉన్నట్టే అనిపించడం తగ్గడానికి, కనీసం ఓ 21 రోజులు పడుతోందని గమనించి 1960లో తన పుస్తకంలో రాశాడు. అది డాక్టరుగా ఆయన చూసి చెప్పిన మాటే కానీ ప్రయోగం చేసి తేల్చింది కాదు. చేతులు మారే కొద్దీ "కనీసం" అన్న మాట ఎక్కడో జారిపోయి, 21 ఒక్కటే మిగిలింది. అసలు అద్దంలో ముఖానికి అలవాటు పడటానికి మనం కష్టపడి చేసేదేముంది? రోజులు గడిస్తే చాలు, అదే అలవాటవుతుంది. పొద్దున్నే ఐదింటికి లేవడం అలాంటిది కాదు కదా.

అలవాటు మీద నిజంగానే లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులపాటు గమనించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకున్నారు. భోజనంతోపాటు నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం లాంటివి. పని దానంతటదే జరిగిపోతున్నట్టు అనిపించే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. త్వరగా వచ్చినవాళ్లకు 18 రోజులు. ఆలస్యమైనవాళ్లకు 254 దాకా పట్టొచ్చని తేలింది. గమనించింది 84 రోజులే కాబట్టి ఆ చివరి అంకె మాత్రం అంచనా. వ్యాయామం అలవాటు కావడానికి, తిండీ నీళ్ల అలవాట్లకు పట్టిన కాలానికి ఒకటిన్నర రెట్లు పట్టింది. అంటే మనిషిని బట్టీ పనిని బట్టీ మారే సంగతి ఇది. ఒక అంకె పట్టుకుని అందరికీ వర్తింపజేస్తే, 22వ రోజు పొద్దున కూడా లేవడానికి బద్ధకించినవాడు లోపం తనలోనే ఉందనుకుంటాడు.

మెసేజ్‌లో అన్నిటికన్నా చెడ్డ వాక్యం రెండోది. "ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి." దాని దెబ్బ నాకు బాగా తెలుసు. ఒక ఏడాది సాయంత్రం నడకకని బీరువా తలుపు లోపలివైపు కాగితం అంటించాను. 21 గళ్లు, పక్కన దారం కట్టి వేలాడదీసిన ఎర్ర పెన్ను. పదకొండు టిక్కులు పడ్డాయి. పన్నెండో రోజు జ్వరం. పదమూడో రోజు ఒళ్లు తేలికపడింది, కావాలంటే నడవగలను. కానీ కాగితం ముందు నిలబడితే ఆ ఒక్క ఖాళీ గడే కనిపిస్తోంది. మళ్లీ ఒకటి వేయాలంటే మనసొప్పలేదు. తలుపు మూసేశాను. మార్చిలో బట్టలు సర్దుతుంటే చూశాను, పెన్ను అలాగే వేలాడుతోంది, ఇంకు ఎండిపోయింది. నన్ను ఆపింది జ్వరం కాదు, ఆ రూలు.

లాలీ బృందం ఈ సంగతీ చూసింది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా తెచ్చేది "ఎలాగూ పోయింది కదా" అన్న ఆలోచన. 1975లో చేసిన ఒక ప్రయోగంలో, డైటింగ్‌లో ఉన్నవాళ్లకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి తర్వాత ఐస్‌క్రీమ్ పెట్టారు. కడుపు నిండింది కాబట్టి తక్కువ తినాలి. మిల్క్‌షేక్ తాగని డైటింగ్‌వాళ్ల కన్నా వీళ్లే ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇంకేం మిగిలిందని! సున్నా నుంచి మొదలెట్టమనే రూలు సరిగ్గా ఈ గుంటలోకే తోస్తుంది.

యేల్ కథ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఆ అధ్యయనం జరగనే లేదు. 1996లో ఒక అమెరికన్ పత్రిక ఆరా తీస్తే దాని జాడే దొరకలేదు, యేల్‌వాళ్లు కూడా అలాంటిదేమీ లేదనే చెబుతున్నారు. రాసుకోవడం మంచిదే, అందుకు ఈ కట్టుకథ అక్కర్లేదు.

పదిమందికీ చెప్పడం అంత తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఇందులో సగం నిజం ఉంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2009లో చూపించినదాని ప్రకారం, "నేను ఫలానా అవుతాను" అన్న ఉద్దేశాన్ని ఎదుటివాళ్లు గుర్తించారనిపిస్తే చేసే పని తగ్గే అవకాశం ఉంది. అయిపోయినంత తృప్తి అప్పుడే వచ్చేస్తుంది మరి. అయితే 138 అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, ఎంతవరకూ వచ్చామో చూసుకుంటూ దాన్ని నలుగురికీ తెలిసేలా పెడితే ఫలితం మెరుగ్గా ఉంది. కాబట్టి జనవరి 1న చేసే ప్రకటన వేరు, ఆదివారం సాయంత్రం ఒక స్నేహితుడికి "ఈ వారం మూడుసార్లు నడిచాను" అని చెప్పే లెక్క వేరు. నాకైతే రెండోదే పనికొచ్చింది.

ఇక 92 శాతం. నిజంగా జనాన్ని అడిగి వేసిన లెక్కలు ఇంత దిగులుగా లేవు. జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త ఏడాది తీర్మానం చేసుకున్నవాళ్లలో 46 శాతం మంది ఆరు నెలల తర్వాత కూడా నిలబడ్డారు. మారాలని ఉన్నా తీర్మానం చేసుకోనివాళ్లలో నిలబడింది 4 శాతమే. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా పాల్గొన్న మరో అధ్యయనం 2020లో వచ్చింది. ఏడాది చివర 55 శాతం మంది నిలబెట్టుకున్నామన్నారు. ఇవన్నీ వాళ్లకు వాళ్లు చెప్పుకున్నవే కాబట్టి కొంత తగ్గించి చూడండి, అప్పుడూ 8 శాతానికి దిగిపోవు. అదే స్వీడన్ అధ్యయనంలో "ఇది మానేస్తాను" అనుకున్నవాళ్ల కన్నా "ఇది చేస్తాను" అనుకున్నవాళ్లే ఎక్కువగా నెగ్గారు, 47 శాతానికి 59 శాతం.

సంకల్పబలం లేకపోవడమే కారణం అనడం మరీ అన్యాయం. ఒక ప్రయోగంలో, క్రిస్మస్ ముందురోజు ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులను అడిగి, సగంమందిని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే చెప్పమన్నారు. మామూలుగా ఒప్పుకున్నవాళ్లలో మూడోవంతు మందే పంపారు. చోటూ సమయం చెప్పినవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా పంపారు. వాళ్లేమీ ఉక్కుమనుషులు కారు. "ఆరోగ్యం చూసుకుంటాను" అనే బదులు "ఆఫీసు నుంచి రాగానే, బ్యాగ్ పెట్టి, కూర్చోకుండా, పది నిమిషాలు నడుస్తాను" అనుకోవడం లాంటిదే వాళ్లు చేసింది. ఆ "కూర్చోకుండా" అన్న ఒక్క మాటే నా విషయంలో ఎర్ర పెన్ను చేయలేని పని చేసింది.

ఇదంతా ఇంత పొడుగ్గా కాకుండా ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టాను. రెండు నమస్కారాలు, ఒక బొటనవేలు వచ్చాయి. రాత్రి అక్క ఫోన్ చేసింది. జనవరి దాకా ఆగలేక డిసెంబర్‌లోనే మొదలెట్టేసిందట.

"ఒరేయ్, నిన్న తప్పిపోయింది. తొమ్మిదో రోజు. మరి ఇవాళ చేసినదానికి పది అని వేసుకోవచ్చా?"

"వేసుకో అక్కా."