బోర్డు ఒకసారి ఖాళీ చేశావు సరే, రెండోసారి సంగతేంటి?

టెట్రిస్ అంటే పైనుంచి పడే పీసులను పేర్చి, నిండిన లైన్లను మాయం చేసే ఆట. అది ఆడేవాళ్ల గ్రూపుల్లో ఈ మధ్య ఒకటే గోల. ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పెడతారు. బోర్డు మొత్తం ఖాళీ, మధ్యలో ‘పర్ఫెక్ట్ క్లియర్’ అని మెరుస్తూ ఉంటుంది. కింద చప్పట్లు, మంటల ఎమోజీలు. పది పీసులతో బోర్డు ఖాళీ అయ్యాక, పదకొండో పీసు నుంచి ఏమైందో మాత్రం ఒక్కరూ పెట్టరు. ఏమవుతుంది? బట్టీ పట్టిన బొమ్మ అక్కడితో అయిపోతుంది, ఇక మామూలు ఆటే.

నా మాట సూటిగా చెప్తాను. బోర్డును ఒకసారి ఖాళీ చేయడం గొప్పేం కాదు. వరసపెట్టి ఖాళీ చేస్తూ పోవడమే అసలు ఆట. దానికి చేతివేగం కన్నా ముందు లెక్క కావాలి. ఈ మాట అనగానే “లెక్కలెందుకన్నా, ప్రాక్టీస్ చాలు” అంటూ ఒక బ్యాచ్ దిగుతుంది. ఈ పోస్టు ముఖ్యంగా వాళ్ల కోసమే.

బోర్డు వెడల్పు 10 గళ్లు. ఏ పీసుకైనా 4 గళ్లే. ఒక్క లైనుతో బోర్డు ఖాళీ చేద్దామంటే 10 ని 4 నిశ్శేషంగా భాగించదు. మూడు లైన్లయినా అంతే. రెండు లైన్లకు 5 పీసులు, నాలుగు లైన్లకు 10 పీసులు సరిగ్గా సరిపోతాయి. అందుకే అందరూ నాలుగు లైన్ల మీద పడతారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

చాలామంది వదిలేసేది బ్యాగ్ లెక్క. మన చిన్నప్పుడు తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో అమ్మిన ‘9999 ఇన్ 1’ బ్రిక్ గేమ్ గుర్తుందా? అందులో పొడుగు కడ్డీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి చచ్చేవాళ్లం, అది వచ్చేసరికి గోపురం నెత్తికెక్కేది. ఏ పీసు ఎప్పుడొస్తుందో లెక్కే ఉండేది కాదు. అలాంటి ఆటలో పర్ఫెక్ట్ క్లియర్ అదృష్టమే, ఒప్పుకుంటాను. అసలు ఎస్, జెడ్ ఆకారపు పీసులు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి అదే పనిగా వస్తూ ఉంటే ఎంతటి ఆటగాడైనా చివరికి ఓడిపోక తప్పదని హైడీ బర్గీల్ అనే గణితవేత్త 1997లోనే నిరూపించింది. ఇప్పటి ఆటలు అలా ఉండవు. ఆకారాన్ని బట్టి ఐ (పొడుగు కడ్డీ), ఓ (చదరం), టి, ఎస్, జెడ్, జె, ఎల్ అని పిలిచే ఏడు పీసులనూ ఒక బ్యాగ్‌లో కలిపి ఒక్కొక్కటీ ఇస్తాయి. ఏడూ అయ్యాకే కొత్త బ్యాగ్. హోల్డ్ ఉంటుంది, అంటే ఒక పీసును తర్వాత వాడుకోడానికి పక్కన దాచుకోవచ్చు. చాలా ఆటల్లో రాబోయే ఐదు పీసులు పక్కనే కనిపిస్తుంటాయి. ఇంత చేతిలో పెట్టాక కూడా ‘లక్ లేదు బ్రో’ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

బోర్డు ఖాళీ కావడానికి 10 పీసులు, బ్యాగ్‌కు 7. అంటే మొదటి క్లియర్‌కు మొదటి బ్యాగ్ అంతా, రెండో బ్యాగ్‌లో మూడు పీసులు ఖర్చవుతాయి. రెండో క్లియర్ మొదలయ్యేటప్పుడు మిగిలినవి నాలుగు. అవేంటో కొత్తగా చూడక్కర్లేదు, వెళ్లిపోయిన మూడు గుర్తుంటే మిగతా నాలుగూ తెలిసినట్టే. మూడో క్లియర్‌కు పాత బ్యాగ్‌లో ఒక్కటే మిగులుతుంది. ఇలా జరిగి జరిగి 70 పీసులు, 10 బ్యాగులు, 7 క్లియర్లు అయ్యాక మళ్లీ మొదటికొస్తాం. హోల్డ్‌లో ఒకటి దాచుకుంటే లెక్క ఒక పీసు అటూఇటూ అవుతుంది, అంతే తేడా. మొదటి క్లియర్ ఓపెనర్ (ఆట మొదట్లో పీసులు పేర్చే బట్టీ పద్ధతి) ఒక్కటే నేర్చుకుని కూర్చోవడమంటే బిట్ బ్యాంక్‌లో మొదటి పేజీ బట్టీ పట్టి పరీక్షకు వెళ్లడమే. ఏడింటికీ ఏడు రకాల ఆలోచన కావాలి.

ఒక ఉదాహరణ చూడండి. మొదటి క్లియర్ కోసం రెండో బ్యాగ్‌లోంచి ఎస్, జెడ్, టి వెళ్లిపోయాయి. మిగిలినవి ఐ, జె, ఎల్, ఓ. జె, ఎల్ రెండింటినీ కొమ్ములు బయటి వైపు ఉండేలా పక్కపక్కన పడుకోబెట్టండి. వాటి మీద నాలుగు గళ్ల గాడి ఏర్పడుతుంది. ఐ అందులో పడుకుంటుంది. ఆరు గళ్ల వెడల్పున రెండు లైన్లు నున్నగా వచ్చేశాయి. మిగిలిన నాలుగు గళ్ల వెడల్పుకు రెండు ఓలు కావాలి. ఒకటి చేతిలోనే ఉంది, తర్వాతి బ్యాగ్ ఓతో మొదలైతే ఐదే పీసులతో బోర్డు ఖాళీ. నాలుగూ ఏ వరసలో వచ్చినా ఫర్వాలేదు, ఐ ముందొస్తే హోల్డ్‌లో పెట్టి జె, ఎల్ పడ్డాక వదలండి. ఒకే బ్యాగ్‌లో ఓ రెండుసార్లు రాదు కాబట్టి ఈ వాటం రెండు బ్యాగుల హద్దు మీదే కుదురుతుంది. ఓపెనర్ ఒక్కటే వచ్చినవాడు ఇది కళ్ల ముందు కనిపిస్తున్నా నాలుగు లైన్లు కడుతూ కూర్చుంటాడు.

ఇక టి. అసలు తలనొప్పి అంతా దీనితోనే. బోర్డుకు చదరంగం బల్లలా నలుపు తెలుపు రంగులు వేసినట్టు ఊహించుకోండి. మిగతా ఆరు పీసులు ఎక్కడ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు గళ్లను కప్పుతాయి. టి మాత్రం మూడూ ఒకటీ. నాలుగు లైన్లలో 20 నలుపు, 20 తెలుపు ఉంటాయి కాబట్టి మధ్యలో లైన్ ఏదీ పోకుండా కడితే టిలు సరి సంఖ్యలో ఉండి తీరాలి. ఒక్క టినే వాడాల్సి వస్తే మూడు గంటలు బుర్ర గోక్కున్నా పీసులు అమరవు. అప్పుడు మధ్యలో ఒక లైన్ ముందే తీసేయాలి. పైనున్నవి ఒక గడి కిందికి దిగి వాటి రంగులు తారుమారవుతాయి, లెక్క సర్దుకునే దారి దొరుకుతుంది. అది ఇష్టం లేకపోతే టిని హోల్డ్‌లో పెట్టి మిగతా పదింటితో లాగించాలి. చివర్లో ఒక గడి మొండికేసినప్పుడల్లా చేయి జారిందని అనుకుంటారు గానీ, చాలాసార్లు నాలుగో పీసు దగ్గరే టి విషయం తేల్చుకోకపోవడం వల్ల వచ్చే తంటా అది.

ఒంటరిగా ఆడితే ఇదంతా బాగానే ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటేనే టెన్షన్. చాలా వర్షన్లలో నాలుగు లైన్లు ఒకేసారి తీస్తే అవతలివాడి బోర్డు అడుగున 4 లైన్ల గార్బేజ్, అంటే ఒక్కో గడి మాత్రమే ఖాళీగా ఉన్న లైన్లు, చేరుతుంది. పర్ఫెక్ట్ క్లియర్‌కు 10 దాకా ఇచ్చే ఆటలున్నాయి. అందుకే ఆశ. కానీ మన బోర్డు మీద ఒక్క గార్బేజ్ లైన్ పడితే? ఆ లైన్‌లో నిండిన గళ్లు 9. మనం వేసేవి నాలుగేసి, పోయేవి పదేసి. రెండూ సరి సంఖ్యలే, మధ్యలో ఈ 9 బేసి. ఎన్ని పీసులు వేసినా, ఎన్ని లైన్లు తీసినా ఇంకో గార్బేజ్ లైన్ వచ్చేదాకా బోర్డు ఖాళీ కాదు. ఆ గార్బేజ్ లైన్‌ను తీసేసినా కాదు. ఇది తెలియక మ్యాచ్ మధ్యలో అసాధ్యం వెంట పడి చచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను.

రెండు పడ్డాయా, కథ మారుతుంది. 18 గళ్లు నిండి ఉన్నాయి, మూడు లైన్లకు కావాల్సింది ఇంకో 12, అంటే మూడే పీసులు. రెండు ఖాళీలూ బోర్డు అంచున ఒకే నిలువులో ఉంటే ఎల్ గానీ జె గానీ నిలువుగా దిగి, పైన మిగిలిన ఎనిమిది గళ్లలో రెండు ఐలు పడుకున్నా చాలు. కాబట్టి గార్బేజ్ బేసిగా ఉన్నంతసేపు మామూలుగా ఆడండి, టి-స్పిన్లు (టిని తిప్పి ఇరుకులోకి దూర్చే ఎత్తులు) కొట్టుకోండి. సరి సంఖ్యలోకి వచ్చాక మళ్లీ నెక్స్ట్ వరసలో ఏమున్నాయో చూసి లెక్క మొదలుపెట్టండి.