గ్లాసు లెక్క కాదు, మట్టి పదును చూడాలి

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికి రెండుసార్లయినా తిరిగి వచ్చే సందేశం ఒకటుంది. “ప్రతి కుండీకీ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్లు. ఆకు వాలితే ఇంకో గ్లాసు. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, నీటి బొట్లు భూతద్దాలై ఆకుల్ని కాల్చేస్తాయి. అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు ఎక్కువైనా భయం లేదు.” దీన్ని నమ్మి ఒకసారి ట్రే నిండా మిరపనారు పోగొట్టుకున్నాను. కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను.

రోజుకు రెండు గ్లాసులు అంటే ఏ కుండీకి? అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కప్పుకా, కరివేపాకు పెట్టిన పెద్ద మట్టికుండీకా? మట్టికుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది, ప్లాస్టిక్‌లో ఆరదు. ఏప్రిల్‌లో పడమటి బాల్కనీలో ఒక్కరోజుకే ఎండిపోయే కుండీ, జూలై ముసురులో అయిదు రోజులైనా తడిగానే ఉంటుంది. విజయవాడ మే నెలకు సరిపోయే లెక్క, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు మబ్బుకు ఎలా సరిపోతుంది?

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఎప్పుడు పోయాలో ఆ సామెత చెప్పలేదు గానీ, రైతుల మాట ఒకటి చెబుతుంది: ఆరుతడి. ఒక తడి ఆరాకే ఇంకో తడి. మా మిరపనారుకు ఆరే వ్యవధే నేనివ్వలేదు. ఎనిమిదో రోజు చూస్తే, మట్టిని ఆనుకున్నచోట కాడ దారంలా సన్నబడి, గోధుమరంగుకు తిరిగి, మొక్కలు పక్కకు ఒరిగి ఉన్నాయి. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి! అది నారుకుళ్లు తెగులు. పిథియం వంటి సూక్ష్మజీవులు ఎప్పుడూ తడిసి ఉండే మట్టిలో కాడను పట్టేస్తాయి. పడిపోయిన మొక్క మళ్లీ లేవదు. ఇప్పుడు పైపొర కొద్దిగా ఆరాక, ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనిస్తున్నాను. అరగంట తర్వాత మిగిలిన నీళ్లు పారబోస్తున్నాను.

ఇక ఆకు వాలితే దాహమేనన్న మాట. అన్నిటికంటే ఎక్కువ మొక్కల్ని చంపేది ఇదేనని నా అనుమానం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉండాలి, వేరు దాన్నే పీలుస్తుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే ప్రాణవాయువు వేరుదాకా చేరదు. గాలిలో కంటే నీటిలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు నీళ్లను పైకి లాగలేదు. అంటే మొక్క నీళ్లలో నిలబడే వాడిపోతుంది, మనం జాలిపడి ఇంకో గ్లాసు పోస్తాం. మరోవైపు, బీరపాదు మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడేసి, ఎండ తగ్గాక తనంతట తానే తేరుకుంటుంది. మర్నాడు పొద్దునకూ ఆకులు వాలే ఉండి, మట్టి కూడా పొడిగా ఉంటే అప్పుడది దాహం.

భూతద్దాల సంగతిని హంగేరీ శాస్త్రవేత్తలు పరీక్షించి 2010లో ప్రచురించారు. నున్నటి ఆకులపై బొట్లు వాటిని కాల్చలేదు. బొట్టును ఆకుకు పైగా ఎత్తి పట్టే నూగున్న ఆకుల విషయంలోనే ఆ అవకాశం కనిపించింది. మట్టి ఎండి మొక్క వేలాడుతుంటే మధ్యాహ్నమైనా కాడ మొదలు దగ్గర పోయండి. పొద్దున్నే మేలనడానికి కారణం వేరు: ఆవిరి తక్కువ, తడిసిన ఆకులు రాత్రిలోపు ఆరిపోతాయి.

గులకరాళ్లా? పైనున్న మెత్తని మట్టి పూర్తిగా నానేదాకా నీరు రాళ్ల మధ్య ఖాళీల్లోకి దిగదు. నీరు నిలిచే పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరికే జరుగుతుంది. అడుగున రంధ్రం ఉంటే చాలు.

మరి ఎలా తెలుసుకోవాలి? వేలు రెండో కణుపుదాకా దించండి. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొడి, మోసగత్తె: పైన పాలిపోయి పొడిగా కనిపిస్తుంది, లోపల పిండితే నీళ్లు కారతాయి. చిన్న కుండీనైతే ఎత్తి చూడండి. నీళ్లు పోసిన రోజు బరువు చేతికి గుర్తుంటే, ఎండిన కుండీ తేలిక వెంటనే తెలిసిపోతుంది. రెండు పుల్లలుండే చవక తేమ మీటర్లు విద్యుత్ ప్రవాహాన్ని బట్టి చెబుతాయి, ఎరువు వేసిన మట్టిని ఎక్కువ తడిగా చూపిస్తాయి. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయాలి. పెద్ద కుండీకి గ్లాసెడు నీళ్లు పైపొరకే సరి, బోరునీటి ఉప్పు కూడా అక్కడే పేరుకుంటుంది.

2024 మార్చిలో తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. ఆ వారం కూడా ఈ రెండు గ్లాసుల సందేశం మా గ్రూపులోకి వచ్చింది.

ఇంట్లో నాకు దొరికిన అసలు ఎదురువాదం మా అత్తగారిది: “తులసమ్మకు రోజూ నీళ్లు పోయకపోతే ఎలాగమ్మా?” చలికాలంలో రెండు తులసి మొక్కలు కుళ్లిపోయాక ఒప్పందానికి వచ్చాం. చెంబు బదులు ఉద్ధరిణెడు నీళ్లు. మిగిలింది నేను వేలు పెట్టి చూశాకే.