ప్లేటో అబద్ధాన్ని సగమే చదివితే ఎలా?

"పాలకులు అబద్ధాలాడొచ్చని ప్లేటోనే చెప్పాడు" అంటూ తమ నాయకుణ్ణి వెనకేసుకొచ్చే పోస్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అబద్ధానికి ప్లేటో వాడిన గ్రీకు మాట ఏమిటో ఒక్కసారైనా చూశారా?

అది ప్సెఉదోస్. మనం సూడో మేధావి అని తిట్టుకునే సూడో, రైతులు విత్తనశుద్ధికి వాడే సూడోమోనాస్‌లోని సూడో దాన్నుంచి వచ్చినవే. ఆ మాట ఎలా పుట్టిందో భాషావేత్తలు ఇంకా తేల్చలేదు. మన దాకా వచ్చేసరికి దానికి నకిలీ అన్న అర్థమే మిగిలింది. పాత గ్రీకులో అలా కాదు. కావాలని ఆడిన అబద్ధమూ ప్సెఉదోసే, తెలియక చెప్పిన తప్పూ ప్సెఉదోసే. ప్రాచీన గ్రీకు కవి హెసియోడ్ కావ్యం 'థియోగొనీ'లో కళాదేవతలు, నిజంలా అనిపించే కల్లలు ఎన్నో చెప్పగలమని చెప్పుకుంటారు. అక్కడా ఇదే మాట. చెప్పినవాడి ఉద్దేశమేమిటో మాట చెప్పదు, సందర్భం చూసి మనమే పట్టుకోవాలి. ఇవాళ్టి గ్రీకులో అబద్ధాన్ని ప్సెమా అంటారు. "తెలోస్ తా ప్సెమాతా", అంటే ఇక అబద్ధాలు చాలు అన్నారంటే, ఆటలు కట్టిపెట్టి పని చూడమని.

ఇక ప్లేటో. ఆయన సంభాషణల రూపంలో రాసిన 'రిపబ్లిక్' రెండో పుస్తకంలో, తన గురువు సోక్రటీస్ చేత ఏమనిపిస్తాడు? అసలైన ప్సెఉదోస్ మోసపోయినవాడి మనసులో ఉండే అజ్ఞానం, నోటితో ఆడే అబద్ధం దాని నీడ మాత్రమే అంటాడు. మూడో పుస్తకంలో మాత్రం, రాజ్య క్షేమం కోసం పాలకులు అబద్ధాన్ని మందులా వాడొచ్చని అంటాడు. అది నేను దాచను, ఆ మాటతో ఏకీభవించను కూడా.

కానీ అందరూ ఎత్తి చూపే ఆ 'ఉదాత్తమైన అబద్ధం' కథ పూర్తిగా చదవండి. పౌరులంతా ఒకే నేలతల్లి బిడ్డలనీ, వాళ్ల పుట్టుకలో దేవుడు పాలకులకు బంగారం, వాళ్లకు తోడుండే సైనికులకు వెండి, రైతులకూ పనివాళ్లకూ ఇనుము, కంచు కలిపాడనీ ఆ కథ. వీలైతే ముందు పాలకులే దాన్ని నమ్మాలంటాడు. పాలకుడి కొడుకు కంచు అని తేలితే జాలి పడకుండా కిందికి దించాలి. కమ్మరి బిడ్డలో బంగారం కనిపిస్తే పైకి తేవాలి. ఆ వెంటనే, కాపలాదారులకు, అంటే ఆ పాలకులకూ సైనికులకూ, సొంత ఆస్తి ఉండకూడదు, బంగారం వెండి ముట్టకూడదు అని రాశాడు.

మీ నాయకుడి అబద్ధానికి ప్లేటోను సాక్ష్యం పిలిచేవాళ్లు ఆ పేజీ కూడా పోస్ట్ చేయండి.