మందు లేని సూది

మా అనంతపురం పల్లెల్లో డాక్టరుకు పెట్టే పరీక్ష ఒకటే: సూది వేశాడా, లేదా? ఎంత పెద్ద చదువు చదివినా సరే, ఉత్త మాత్రలు రాసిచ్చి పంపితే ఆయనకు ‘ఏమీ తెల్దు’. మా ఊరి ఆర్‌ఎంపీ సారు మాత్రం ఒక్క బీ కాంప్లెక్స్ సూదితో మూడు తరాల ఒళ్లునొప్పులు బాగుచేశాడు. (నొప్పి మెడలో ఉంటే నడుం కింద ఎందుకు పొడిచేవాడో ఎవరూ అడగలేదు. నమ్మకానికి చోటుతో పనేముంది?)

ఇన్నాళ్లూ చదువుకున్నవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. గుణం మందులో ఉంటుంది గానీ సూదిలో ఏముంటుందని గదమాయించారు. ఇప్పుడు ఆ నవ్విన నోళ్లే ‘డ్రై నీడ్లింగ్’ అంటున్నాయి.

అంటే ఏమీ లేదు, మందు తీసేసిన సూది. సిరంజి ఉండదు. పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ లావుండే, లోపల రంధ్రం లేని స్టీలు సూది. కండరం ముడిలా బిగుసుకున్న చోటును ట్రిగ్గర్ పాయింట్ అంటారు. అక్కడ గుచ్చుతారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ నడుంనొప్పికి డాక్టర్ జానెట్ ట్రావెల్ కూడా ఇలాంటి చోట్లే గుచ్చింది గానీ పాపం, ఆమె సూదిలో ప్రొకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఉండేది. 1979లో కారెల్ లెవిట్ అనే చెకొస్లొవేకియా వైద్యుడు, ఉపశమనం ఎక్కించిన మందు వల్లనే కాదు, సూదిపోటు వల్ల కూడా వస్తుందని పత్రం రాశాడు. మా అవ్వ అంతకుముందు నుంచీ అదే చెబుతోంది. విత్తనం కాయలు ఒలిచే పనిలో పడి పత్రం రాయలేకపోయింది.

ఫోన్ చూసీ చూసీ నా మెడ పట్టేసింది. టౌన్లో ఫిజియోథెరపీకి పోయాను.

“ఇది ఆక్యుపంక్చరే కదా నాయనా?” అన్నాను.

ఆ పిల్లోడు నొచ్చుకున్నాడు. “సూది అదే సార్. సిద్ధాంతం వేరు.”

సిద్ధాంతం వేరయ్యాక బిల్లు కూడా వేరే ఉంటుందని నాకు అప్పుడే తట్టాల్సింది. ముందుగా ఒక కాగితం ఇచ్చాడు. ఒకటి రెండు రోజులు నొప్పి ఉండొచ్చు, కమిలిపోవచ్చు, ఛాతీ వైపు లోతుగా దిగితే అరుదుగా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. నొప్పి పోగొట్టుకోవడానికి వచ్చినవాణ్ణి, నొప్పికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. సూది దిగగానే భుజం కండరం నాతో చెప్పకుండానే ఎగిరిపడింది. “భలే సార్, తగిలింది!” అన్నాడు, చెరువులో గాలానికి చేప పడినట్టు.

మెడ తేలికపడింది, అబద్ధమాడను. ఈ ఉపశమనం కొన్నాళ్లదేనని, ఎక్కువకాలం నిలుస్తుందనడానికి గట్టి రుజువులు లేవని, వ్యాయామం కూడా చేయాలని ఆ పిల్లోడు ఏదో చెప్పుకుపోతున్నాడు. వ్యాయామం అన్న దగ్గర నాకు చెవులు మూసుకుపోయాయి. సూది పడ్డాక ఇంకా వ్యాయామమేంది?

ఇంటికొచ్చేసరికి అవ్వ అరుగు మీదే ఉంది.

“సూది వేసినారా?”

“ఆరు వేసినారవ్వా.”

“ఏం మందు?”

“మందు లేదు.”

అవ్వ కాసేపు ఆలోచించింది. “మరి నువ్వు దుడ్లు పెట్టిచ్చినావా, ఉత్త కవరిచ్చినావా?”

సాయంత్రం ఆర్‌ఎంపీ సారుకు ఈ విషయమంతా పూస గుచ్చినట్టు చెప్పాను. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు. ఆఖరున అల్మారా వైపు తిరిగి, వరసగా పేర్చిన సీసాలను దిగులుగా చూశాడు.

“అయితే ఇన్నేండ్లూ ఆ బీ కాంప్లెక్స్ దండగకు కొన్యానా సామీ?”