ఆ దురద మొక్క మన గట్ల మీదది కాదు

ఈమధ్య ఒక వీడియో చాలా ఫోన్లు తిరిగింది. ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ అనే మొక్క నారతో బట్టలు నేస్తున్నారట. నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, మన గట్ల మీద ఊరికే మొలిచే దురదగొండే ఇది, పత్తి మానేసి దీన్నే వేయండి అని సలహా. నెటిల్ నార అంటే నాకూ ఇష్టమే. కానీ ఈ మాట నమ్మి ఎవరైనా చేను మారిస్తే నష్టపోయేది ఆ రైతే.

ముందు మొక్క సంగతి. మనం దురదగొండి, దూలగొండి అనేవాటిలో ఒకటి కాయల మీద నూగు ఉండే చిక్కుడు జాతి తీగ, ఇంకోటి ఆముదం కుటుంబానిది. బట్టకు వాడేది యూరప్ నెటిల్, లేదా దాని చుట్టం, హిమాలయాల్లోని అల్లో. నేపాల్‌లో అల్లో సుమారు 1200 నుంచి 3000 మీటర్ల ఎత్తున, తేమ అడవుల్లో పెరుగుతుంది. గుంటూరు ఎండకు అలవాటుపడ్డ మొక్క కాదు.

ఎరువు అక్కర్లేదన్నది తలకిందుల మాట. యూరప్‌లో నెటిల్ గుబురుగా కనిపించేది పశువుల కొట్టాల పక్కన, పెంటకుప్పల దగ్గర. నత్రజని ఎక్కడుంటే అక్కడ చేరే మొక్క అది. ఏటా కాడలు కోసుకుపోతే నేలకు తిరిగి ఇవ్వాల్సిందే. పురుగుమందు పెద్దగా అక్కర్లేదన్నది మాత్రం నిజం, ఒకసారి నాటితే కొన్నేళ్లు ఉంటుందన్నదీ నిజం.

దిగుబడి? అడవి నెటిల్ ఎండు కాడలో నార సుమారు 5 శాతమే. జర్మనీలో గుస్టావ్ బ్రెడెమాన్ అనే వృక్షశాస్త్రవేత్త 1927 నుంచి ఏళ్ల తరబడి మేలైన మొక్కల్ని ఎంపిక చేసి కొన్ని రకాల్లో దాన్ని 17 శాతం దాకా తెచ్చారు. అలాంటి మేలురకాలతో ఆస్ట్రియాలో చేసిన పరీక్షలో హెక్టారుకు సుమారు 750 నుంచి 1000 కిలోల నార వచ్చింది. మంచి అంకే, కానీ అది మూడో ఏటిది. మొదటి ఏడు కోతే ఉండదు. ఆ ఏడాది అప్పుకు వడ్డీ ఎవరు కడతారు?

అసలు కష్టం కోత తర్వాత మొదలవుతుంది. మా విజయనగరం వైపు గోగునార తీయడం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గోగు కట్టలు చెరువులో రెండు మూడు వారాలు నానేస్తే ఆ వాసన ఊరంతా కొట్టేది. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, కర్ర మొదలు చితక్కొట్టి, బెరడు లాగి, నీళ్ల మీద బాది కడిగేవారు. సాయంత్రానికి వేళ్లు నానిపోయి ముడతలు పడేవి. అయినా అది గోనెసంచుల నార, ముతకగా ఉన్నా నడుస్తుంది. ఒంటికి కట్టే బట్టకు అంతకన్నా సన్నగా రావాలి. నేపాల్ ఆడవాళ్లు అల్లో బెరడును బూడిద నీళ్లలో గంటల తరబడి ఉడికించి, బాది, తెల్లమట్టి రుద్ది ఆరబెట్టి, నడుస్తూ కూడా కదురు తిప్పుతూ నూలు వడుకుతారు. అంత చేతిపని ఉన్న నార చవగ్గా ఎలా వస్తుంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నెటిల్ బట్ట వాడారన్నది వీడియోలో పెద్ద రుజువు. వాడారు. శత్రుదేశాల సముద్ర దిగ్బంధంతో పత్తి అందక అడవి నెటిల్ ఏరించారు. యుద్ధం అయ్యి పత్తి మళ్లీ రాగానే ఆ మోజు తగ్గిపోయింది. నేటి జర్మన్‌లో ‘నెస్సెల్’ అని అమ్మే గుడ్డ మామూలు కోరా పత్తి బట్టే. మార్కెట్లో నెటిల్ పేరుతో దొరికేదాంట్లో రామీ కూడా ఉంటుంది. అది నెటిల్ కుటుంబానిదే, కానీ ముట్టుకుంటే దురద పెట్టని మొక్క, ఎక్కువగా చైనాది.

బట్ట కట్టుకుంటే దురద పెడుతుందని కింద కామెంట్లు పెట్టినవాళ్లదీ పొరపాటే. నానబెట్టి, ఉడికించేసరికి ఆ ముళ్ల నూగు ఉండదు.

డెన్మార్క్‌లో సుమారు 2800 ఏళ్ల నాటి సమాధిలో దొరికిన నెటిల్ బట్ట ఈ నార సత్తా చూపిస్తుంది. దాని విలువను నేను కాదనడం లేదు. నేనడిగేది వీడియో చేసినవాళ్లను: నారు ఎక్కడ దొరుకుతుంది, నార తీసే మిల్లు ఏ ఊళ్లో ఉంది, కిలో ఎంతకు కొంటారు? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా పత్తి చేను దున్నేయకండి.