సవరణ: వేదిక భయం, ఏకాగ్రత

‘వేదికెక్కితే వణికే విద్యార్థులకు ఏకాగ్రత తక్కువ’ అని మొన్న రాసిన వాక్యానికి ఈ సవరణ. ఏకాగ్రతకు లోటు లేదు, అది ఉండాల్సిన చోట ఉండదు, అంతే. అనంతపురంలో ఏ డిగ్రీ కళాశాలలోనైనా సెమినార్ రోజు చూడండి. మైకు ముందు నిలబడ్డ అమ్మాయి ధ్యాసంతా కాగితం పట్టుకున్న తన వేళ్ల మీద, గొంతులోని జీర మీద ఉంటుంది. మిగిలిన కాస్తా వెనక బెంచీలో ఆవలించినవాడి మీదికి పోతుంది. ముందు వరుసలో తలూపుతున్నవాళ్లు కనబడనే కనబడరు. ఇక చెప్పాల్సిన విషయానికి మిగిలేదెంత? క్లార్క్, వెల్స్ అనే మనస్తత్వవేత్తలు నలుగురిలో కలిగే భయాన్ని వివరిస్తూ 1995లో ప్రతిపాదించిన నమూనా సారం కూడా ఇదే: దృష్టి తనమీదికే తిరిగితే భయం ముదురుతుంది.

నిజానికి మన వణుకు మనకు తెలిసినంతగా ఎదుటివారికి తెలియదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఈ సంగతి ముందే విన్న విద్యార్థులు మెరుగ్గా మాట్లాడారు.

వెనక గోడను చూస్తూ మాట్లాడమన్న సలహాను కూడా పక్కన పెట్టండి. తలూపే ముఖాన్ని వెతుక్కుని, దానికే చెప్పండి. అధ్యాపకులకు ఒక మనవి: ‘ధ్యాస ఎక్కడుంది నీకు?’ అని అందరి ముందూ గద్దించకండి, ఉన్న కాస్త ధ్యాసా మళ్లీ ఆ వేళ్ల మీదికే పోతుంది.