"చిన్న ఆసుపత్రి కదా" అని నాతో అనకండి

ఈసీజీ మెషిన్ ఉంది, పేపర్ రోల్ లేదు. అయిపోయిందట, ఇండెంట్ పెట్టారట, ఇంకా రాలేదట. ఛాతీ పట్టుకుని, ఒళ్ళంతా చెమటలతో మా బాబాయి ఎమర్జెన్సీలో కుర్చీలో కూలబడి ఉంటే ఇవాళ మాకు దొరికిన జవాబు ఇది. అంతకుముందే "ఓపీ చీటీ రాయించారా" అని అడిగితే పరిగెత్తుకెళ్ళి రాయించుకొచ్చాం. చివరికి పై అంతస్తు వార్డులోని మెషిన్ నుంచి రోల్ విప్పి తెచ్చారు.

ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు చూడాలి. ఇది పెద్ద ఆసుపత్రులకు మాత్రమే పెట్టిన రూలు కాదు, ఎమర్జెన్సీ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఉండాల్సిందే. మా దగ్గర ఆ 10 నిమిషాలు రోల్ వెతకడంలోనే పోయాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాక గుండె కండరం దెబ్బతిన్నదేమో రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష రెండుసార్లు చేసి గుండెపోటు కాదన్నారు కాబట్టి సరిపోయింది. అయ్యుంటే?

ఇంటికి రాగానే చుట్టాల ఫోన్లు. అందరిదీ ఒకటే మాట, "చిన్న ఆసుపత్రి కదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అని. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మేమేమన్నా బైపాస్ చేయమన్నామా? సిలిండర్‌లో ఆక్సిజన్ ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూడమంటున్నాం. గొంతులో అడ్డుపడ్డవి లాగేసే సక్షన్ మెషిన్ ఆన్ చేస్తే పనిచేయాలి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్‌కి పసిపిల్లల మాస్క్ కూడా ఉండాలి, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ చార్జింగ్‌లో ఉండాలి. గుండె లయ తప్పి ఆగిపోయిన మనిషికి షాక్ ఇవ్వడంలో ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఆ లెక్కన చార్జర్ ఎక్కడుందో వెతికేలోపే మనిషి దక్కడు. షిఫ్టు మారినప్పుడల్లా ఈ ఎమర్జెన్సీ సామాను పెట్టే ట్రాలీ తెరిచి చూసి సంతకం పెట్టడానికి ఏ స్పెషలిస్టు కావాలండీ?

అసలు ఊళ్ళకి దగ్గరగా ఉన్న చిన్న ఆసుపత్రిలోనే ఇవన్నీ ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే పెద్దాసుపత్రి దూరం. గుండెపోటు వచ్చిన మనిషికి 2 గంటల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరవడం) అందే దారి లేకపోతే, ఇవ్వకూడని కారణమేదీ లేనప్పుడు, రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్‌ని, మనిషి ఆసుపత్రికి వచ్చిన అరగంటలోపే అక్కడే ఇవ్వాలి. పక్షవాతానికి అలాంటి మందు ఇవ్వడానికి మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలు, అదీ సీటీ స్కాన్ తీశాకే. స్కాన్ లేని చోట రోగిని చూడగానే గుర్తుపట్టి, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో రాసి, పై ఆసుపత్రికి ఫోన్ చేసి వెంటనే పంపించడమే వైద్యం. మాకు ఇచ్చిన చీటీలో ఏముందో తెలుసా, "హయ్యర్ సెంటర్‌కి రిఫర్" అని ఒక్క ముక్క. ఏ మందు ఇచ్చారో లేదు, టైమ్ లేదు, బీపీ ఎంతో లేదు, ముందుగా ఫోన్ లేదు. అక్కడికెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి మేమే చెప్పుకోవాలి.

ఇంకోటి. మేం రోల్ కోసం ఎదురుచూస్తుంటే ఎవరో పెద్దమనిషి తాలూకు కుర్రాడు వేలు తెగిందని వచ్చాడు, ఉన్న ఒక్క డాక్టరు అటు వెళ్ళిపోయారు. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా చేసిన లారే రెండు వందల ఏళ్ళ క్రితమే, అదీ యుద్ధంలో, హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి ముందు ఎవరిని చూడాలో తేల్చాడు. మనం ఇంకా ఎవరి తాలూకు అని చూస్తున్నాం.

సిస్టర్‌ని నేనొక్క మాట అనలేదు, అనను. ఎమర్జెన్సీ, వార్డు, కాన్పుల గది అన్నీ ఆవిడ ఒక్కరే చూస్తున్నారు. అలా డ్యూటీలు వేసినవాళ్ళ మీదే నా కోపం.

నిజం చెప్పాలంటే ఈ కోపం ఇవాళ్టిది కాదు. మా మేనత్తని ఇలాంటి ఇంకో చిన్న ఆసుపత్రిలోనే పోగొట్టుకున్నాం. యాంటీబయాటిక్ ఇంజక్షన్ చేసిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోయి ఊపిరి అందలేదు. అలాంటప్పుడు మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్, పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము, తొడ కండరానికి, తగ్గకపోతే 5 నిమిషాలకి మళ్ళీ. వాళ్ళు అలర్జీ ఇంజక్షన్, స్టెరాయిడ్ ఇచ్చి చూస్తూ నిలబడ్డారు. అడ్రినలిన్ లేక కాదు. అదే ట్రేలో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. సామాను ఉంటే సరిపోదు, వాడటం చేతికి అలవాటయ్యేలా నేర్పాలి, మళ్ళీ మళ్ళీ చేయించి చూడాలి. తర్వాత మాతో ఏమన్నారంటే, "ఆవిడ ఆయుష్షు అంతే." ఏ విచారణా లేదు. ఏం జరిగిందో కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళు లేరు. మా అత్త ఆయుష్షు ఆ ట్రేలోనే ఉందండీ!

2019 నుంచి ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినం జరుపుతున్నారు. మొదటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పిలుపే రోగి భద్రత కోసం గొంతెత్తమని. ఇవాళ నేను గొంతెత్తాను. "మీవాళ్ళకి ఏమీ కాలేదు కదా, ఎందుకు అరుస్తారు" అన్నారు ఆఫీసులో. ఏమీ కానప్పుడే రాసిపెట్టుకోవాలి కదా, రోల్ లేదని, డాక్టరు పక్కకెళ్ళారని, చీటీలో టైమ్ లేదని! ప్రాణం పోయాక రాస్తే అది ఎవరికి పనికొస్తుంది?

ఇవన్నీ కాగితం మీద పెట్టి ఇచ్చాను. ట్రాలీ తనిఖీ రిజిస్టర్ చూపించమని, రాత్రి ఎమర్జెన్సీకి విడిగా ఒక నర్సుని వేయమని, రిఫర్ చేసే ముందు ఫోన్ తప్పనిసరి చేయమని అడిగాను. కాగితం తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. రేపు పొద్దున దాని కోసం మళ్ళీ వెళ్తున్నాను. ఇలాంటివి పడ్డవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, మీ కాగితం కూడా రాసుకుని రండి.